ముప్పై ఏడో బిళ్ళ

2003వ సంవత్సరం డిసెంబరు 14, ఆదివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. గాలి లేదు. గోదావరి మీద మంచు దట్టంగా కమ్ముకొని ఉంది. రేవు మెట్ల మీద నిలబడి చూస్తే పడవకు కట్టిన ఎర్రజెండా కనిపిస్తోంది గాని పడవ కనిపించడం లేదు. ఆ ఏడాది పుష్కరాల కోసం కొత్తగా కట్టిన మెట్లు రాత్రంతా మంచులో తడిసి కాళ్ళకు చల్లగా తగులుతున్నాయి. తేదీ, వేళ చెప్పలేని సంఘటనను నేను నమ్మను, అది నా జీవితంలో జరిగిందే అయినా సరే. అందుకని ముందుగా అవి.

ఆ ఉదయం రాజమండ్రిలో ఈత సంఘం వారు పిల్లలకు పోటీ పెట్టారు. నది మధ్య ఉన్న ఇసుక మేట నుంచి మా రేవు దాకా, సుమారు తొమ్మిది వందల మీటర్ల దూరం. పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ వరకు వయసున్న పిల్లలు ముప్పై ఏడుగురు పేర్లు ఇచ్చారు. ఎవరు ఎంతసేపట్లో గట్టుకు చేరారో చూసి రాసే పని నాకు అప్పగించారు. నేను నీటిపారుదల శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి. నది మట్టం ఎప్పటికప్పుడు కొలిపించి పైవారికి పంపడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. గడియారం పట్టుకొని కదలకుండా కూర్చోవడానికి నాకన్నా తగినవాడు దొరకడని సంఘం కార్యదర్శి అనుకొని ఉంటాడు. అంతకన్నా దగ్గరి కారణం, మా మనవరాలు ఆ పోటీలో ఉండడం, మా కోడలు ఆ కార్యదర్శికి పది రోజుల ముందునుంచే ఫోన్లు చేస్తుండడం.

మా కోడలి సంగతి చెప్పాలంటే ఆ తల్లుల సంగతి చెప్పాలి.

మేము అప్పటికి ఆరేళ్ళుగా ఊరి చివర, హైవే వైపు కొత్తగా వేసిన కాలనీలో ఉంటున్నాము. అక్కడ మా కోడలితో కలిపి, ఈడు కలిసిన పిల్లలున్న తల్లులు అయిదుగురు. పొద్దున్న ఈత, బడి అయ్యాక అబాకస్, వారంలో రెండు రోజులు కూచిపూడి, మూడు రోజులు హిందీ పరీక్షల ట్యూషను, ఆదివారం చదరంగం. వీటన్నిటికీ ఒకే ఆటో. మా కాలనీ మగవాళ్ళు వారికి 'సంచుల బ్యాచ్' అని పేరు పెట్టారు. ఒక్కొక్కరి భుజాన రెండేసి సంచులు ఉండేవి కాబట్టి. పిల్లల వెంట తిరిగే తల్లి అంటే ఆ మగవాళ్ళ మనసులో అచ్చుపోసిన బొమ్మ ఒకటి ఉండేది: వంట త్వరగా ముగించి, చీర మీద స్వెట్టరు వేసుకొని, ఏ తలుపు బయట చూసినా నిలబడి, పక్క పిల్లవాడికి ఎన్ని మార్కులో అడిగే మనిషి. పక్కవీధిలో ఉండే బ్యాంకు ఆఫీసరు ఒకసారి గేటు దగ్గర నన్ను ఆపాడు.

"మీ కోడలుగారు ఇవాళ ఏ పరీక్ష రాస్తున్నారండి?"

"పరీక్ష పిల్లదండి. హాల్‌టికెట్టు మాత్రం ఆవిడ దగ్గరుంది."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అలాగని ఆ తల్లుల పట్ల ప్రత్యేకమైన గౌరవమూ లేదు. కొలవని దాని మీద అభిప్రాయం పెట్టుకోవడం నాకు అలవాటు లేదు.

అయితే వారి పద్ధతి ఒకటి నేను గమనించాను. పనులు వంతుల మీద చేసుకునేవారు. ఒకరు అయిదుగురు పిల్లలకూ టిఫిను తెస్తే, ఒకరు తువ్వాళ్ళు, ఒకరు ఆటో బేరం, ఒకరు వరస. వరస అంటే ఫీజు కట్టే చోటగాని, హాల్‌టికెట్లు ఇచ్చే చోటగాని, ఎక్కడ క్యూ ఉంటే అక్కడ అయిదుగురు పిల్లల తరఫున ఒక్కరే నిలబడడం. పిల్లలు నిలబడితే అలిసిపోతారు, ఆ సేపు ఇంకో రెండు లెక్కలు చేసుకోవచ్చు అన్నది వారి వాదం. ఆ పిల్లలు తమంతట తాము ఏ కౌంటరు దగ్గరా ఒక కాగితం అందుకోగా నేను చూడలేదు.

అయిదుగురిలో మా ఎదురింటి ఆవిడ అందరికన్నా ఒక మెట్టు పైన. భర్తకు షిఫ్టుల ఉద్యోగం. ఒక్కతే కూతురు, పన్నెండేళ్ళది. ఆ పిల్లకు ఈత మొదలుపెట్టించిన నాలుగు నెలల్లో ఆవిడ ఒక్క ఉదయం కూడా రేవుకు రాకుండా ఉండలేదు. నీళ్ళకు నాలుగు మెట్లు పైన నిలబడి, పిల్ల నీళ్ళలో ఉన్నంతసేపూ ఒకటే మాట: "ఎడమకి పోతున్నావు. కుడికి రా. కుడికి." శిక్షకుడు ఓర్చుకొని ఓర్చుకొని ఒకరోజు అడిగాడు.

"అమ్మా, మీరు కాసేపు మాట్లాడకుండా ఉంటే నేను నేర్పుకుంటానండి."

"మీరు నేర్పండి మాస్టారూ. నేను చూస్తున్నానంతే."

"చూడడం నోటితో కాదు కదండీ."

"దానికి అలుపొస్తే కుడిచెయ్యి బలంగా వేస్తుందండి. ఎడమకి పోతుంది. మీరు ముప్పై మందిని చూస్తారు. నేను ఒక్కదాన్నే చూస్తాను."

మిగిలిన తల్లులు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. ఆ పిల్ల నీళ్ళలోనే తల ముంచుకుంది, సిగ్గుతో.

ఇక పోటీ ఏర్పాటు. ప్రతి పిల్లకూ అంకె గుద్దిన ఒక రేకు బిళ్ళ ఇచ్చారు. దాన్ని తాడుతో మణికట్టుకు కట్టుకోవాలి. ఈది వచ్చాక మెట్లెక్కి, పైన పెట్టిన చెక్క బోర్డు మీద తన అంకె ఉన్న మేకుకు తగిలించాలి. బోర్డు నిండిందంటే పిల్లలందరూ ఒడ్డు చేరినట్లు. ఏర్పాటు తెలివైనదే. నీటి అంచున నేను, నాకు వెనక ఇరవై మెట్ల పైన బోర్డు. నేను వేళలు రాయాలి, బోర్డు తలలు లెక్కపెట్టాలి. మంచు వల్ల కార్యదర్శి ఇంకొక జాగ్రత్త తీసుకున్నాడు. రేవులో జనరేటరు పెట్టించి, మైకు నది వైపు తిప్పించి, పడవలెక్కే ముందు పిల్లలకు చెప్పాడు.

"ఒడ్డు కనబడకపోతే కంగారు పడకండర్రా. మైకు ఎటు వినబడితే అటే రండి. నేను మాట్లాడుతూనే ఉంటాను. పడవ ముట్టుకున్నా, దేన్ని పట్టుకున్నా అవుట్. అది గుర్తు పెట్టుకోండి."

ఇసుక మేట దగ్గర పడవ దిగిన పిల్లలను ఇద్దరు మనుషులు విడివిడిగా లెక్కపెట్టారు. ఇద్దరికీ ముప్పై ఏడే వచ్చింది. మంచు కొంత పలచబడ్డాక, ఏడు గంటల యాభై రెండు నిమిషాలకు ఈల వేశారు. నా గడియారం నొక్కాను.

మొదటి పదిహేను నిమిషాలు కార్యదర్శి గొంతు, జనరేటరు మోత తప్ప రేవులో మరో చప్పుడు లేదు. తల్లులు మెట్ల మీద బారుగా నిలబడి మంచులోకి చూస్తున్నారు. ఆ చూపులో ఆటల పోటీ చూసేవాళ్ళ ఉత్సాహం ఏమీ లేదు. ఆసుపత్రి వరండాలో తలుపు వైపు చూసే చూపది. పదిహేడో నిమిషంలో మొదటి పిల్లవాడు వచ్చాడు. మా మనవరాలు ఇరవయ్యో నిమిషంలో పదకొండవదిగా వచ్చింది. పెదవులు నీలంగా ఉన్నాయి. మా కోడలు తువ్వాలు కప్పి దాన్ని పైకి తీసుకుపోయింది. నేను తల తిప్పలేదు. అప్పటికే తర్వాతి నలుగురు కలిసికట్టుగా వస్తున్నారు.

అదే సమయానికి మంచు మళ్ళీ చిక్కబడింది. సూర్యుడు లేచాక గోదావరి మీద ఇలా జరుగుతుంది. కాసేపు విచ్చి, విచ్చిన దానికన్నా ఎక్కువగా మూసుకుంటుంది. ఇరవై గజాల అవతల ఏమీ కనబడలేదు. ముందు చేతుల చప్పుడు వినబడేది, తర్వాత టోపీ కనబడేది. అలా ముప్పై ఆరవ పిల్లవాడు ముప్పై ఒకటో నిమిషంలో మెట్టు పట్టుకున్నాడు. నేను రాసుకొని, తర్వాతి చప్పుడు కోసం చెవి ఒగ్గాను.

చప్పుడుకు బదులు మైకులో కార్యదర్శి గొంతు వచ్చింది. "బోర్డు నిండిందండి. పిల్లలందరూ క్షేమంగా చేరుకున్నారు. ముప్పై ఏడూ వచ్చేసేయి. తల్లిదండ్రులు పైన వేదిక దగ్గరికి రావలసిందిగా కోరుచున్నాము." వెంటనే జనరేటరు ఆగిపోయింది. మైకు పెట్టెను ఇద్దరు మనుషులు పట్టుకొని గట్టు పైకి మోసుకుపోసాగారు. కాపలా తిరిగిన పడవలు రెండింటిలో ఒకటి అప్పటికే కిందిరేవు వైపు వెళ్ళిపోయింది. రెండోది మెట్లకు కట్టారు. పడవవాడు బీడీ వెలిగించుకున్నాడు.

నేను నా కాగితం మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను. ముప్పై ఆరు. కింది నుంచి పైకి లెక్కపెట్టాను. ముప్పై ఆరే.

మెట్లెక్కి బోర్డు దగ్గరికి వెళ్ళి చూశాను. ముప్పై ఏడు మేకులకు ముప్పై ఏడు బిళ్ళలూ ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పడిందేమోనని వేలితో తాకుతూ లెక్కపెట్టాను. లేదు.

"నా దగ్గర ముప్పై ఆరు వేళలే ఉన్నాయండి," అన్నాను కార్యదర్శితో.

"ఆ నలుగురు గుంపుగా వచ్చినప్పుడు ఒకటి జారిపోయుంటుందండి. ఏమీ అనుకోకండి, మంచులో ఎవరికైనా జరిగేదే."

"ఆ గుంపులో నలుగురే. నలుగురినీ రాశాను."

"అయిదుగురేమో."

"నలుగురు."

అతను ఓపికగానే చెప్పాడు. "పెద్దవారు, మీ మాట కాదనను. కానీ బిళ్ళ దానంతటది నడిచొచ్చి మేకుకు తగులుకోదు కదండీ."

ఉద్యోగ జీవితమంతటిలో ఒకే నది మట్టానికి రెండు అంకెలు వచ్చిన రోజులు నాకు తెలుసు. అటువంటప్పుడు మేము చేసే పని ఒకటే, మళ్ళీ వెళ్ళి కొలవడం. ఇక్కడ మళ్ళీ కొలవడమంటే, తువ్వాళ్ళు కప్పుకొని గట్టంతా చెదిరిపోయిన పిల్లలను ఒకచోట చేర్చి తలలు లెక్కపెట్టడం. అలా చేయమని అన్నాను. ఉపన్యాసం అయ్యాక వేదిక దగ్గరే చేద్దామన్నాడు. ముఖ్య అతిథి కారు దిగుతున్నాడు.

అప్పుడు మా ఎదురింటి ఆవిడ వచ్చింది. భుజాన రెండు సంచులు, చేతిలో విప్పని తువ్వాలు.

"బాబాయిగారండీ, మా పాపని మీరు రాసేరా?"

"అంకె ఎంతమ్మా?"

"ఇరవై తొమ్మిది."

నేను వేళలే రాశాను గాని అంకెలు రాయలేదు. తలమీద టోపీ తప్ప బిళ్ళ మీద అంకె నీళ్ళలో కనబడదు. కార్యదర్శి బోర్డు వైపు చూపించాడు. "ఇరవై తొమ్మిది ఉందిగా అమ్మా. బట్టలు మార్చుకునే గదిలో చూడండి."

"చూసేనండి. లేదు."

"టిఫిన్ల దగ్గర చూడండి."

"టిఫిను ఇవాళ నాదండి. నేనక్కడి నుంచే వస్తున్నాను. మిగతా నలుగురూ తింటున్నారు. ఇది రాలేదు."

"అమ్మా, మీకు కంగారెక్కువ. అందరికీ తెలిసిందే."

ఆవిడ కోప్పడలేదు. "కంగారేనండి. కానీ దాని వేళ నాకు తెలుసు. ఒంట్లో బాగున్న రోజున కూడా దీనికి ముప్పై మూడు నిమిషాలు. మీరు ముప్పై రెండు నిమిషాలకే మైకు కట్టేసేరు. ఎలా వస్తుందండి?"

నేను కాగితం మళ్ళీ చూసుకున్నాను. ఆ మాటలోని బాధ వల్ల కాదు, అంకె వల్ల. నా కాగితం ఒకటి, ఆవిడ నాలుగు నెలల కొలత ఒకటి, రెండూ ఒకే వైపు ఉన్నాయి. ఎదురుగా బోర్డు ఉంది, బోర్డు మీద బిళ్ళ ఉంది. కార్యదర్శి మరోసారి బిళ్ళ సంగతి ఎత్తాడు. చుట్టూ పది పదిహేను మంది చేరారు. "ఆవిడెప్పుడూ ఇంతేలెండి," అని ఎవరో వెనక నుంచి అన్నారు.

ఆ గుంపులోంచి మా కోడలు ముందుకు వచ్చింది. చేతిలో మా మనవరాలి తడి టోపీ ఉంది. దాన్ని పిండుతున్నట్లు మెలిపెడుతోంది.

"మావయ్యగారూ," అంది నాతో. తర్వాత నన్ను వదిలి ఎదురింటి ఆవిడ వైపు తిరిగింది. "వదినా, బిళ్ళలు నేను తగిలించేను."

కార్యదర్శి బోర్డు వైపు తిరిగాడు.

"ఇవాళ వరస వంతు నాది కదా. తాడు ఒరుసుకుంటుందని పడవెక్కే ముందు అయిదుగురి బిళ్ళలూ నేనే తీసుకున్నాను. మా పాప రాగానే అయిదూ తగిలించేసేను. తడిబట్టలతో పిల్లలు ఇక్కడ క్యూలో నిలబడతారెందుకని."

ఆమె ప్రతి మాటా అందరికీ వినబడేలా చెప్పింది. నేను ఆమెను అంతకుముందు పధ్నాలుగేళ్ళుగా ఎరుగుదును. పదిమందిలో మాట పడవలసి వస్తే ఆ ఇంటి గడప తొక్కని మనిషి.

ఎదురింటి ఆవిడ ఆమెను ఒక్క మాట అనలేదు. అనడానికి వ్యవధి తీసుకోలేదు. సంచులు రెండూ అక్కడే కింద పడేసి, కార్యదర్శి చొక్కా చేయి పట్టుకుంది.

"మైకు ఆపేసేరు కదండీ. ఇప్పుడది దేన్ని విని వస్తుంది?"

అందరమూ ఊరుకున్నాము. అప్పుడు వినబడింది. అంతవరకూ జనరేటరు చప్పుడులో, అది ఆగాక మా మాటల్లో కలిసిపోయి ఉన్న మరో చప్పుడు, ఈదొచ్చే పిల్లలకు ఎడమ వైపు నుంచి, నది లోపలి నుంచి. మా రేవుకు ఎగువన సుమారు రెండు వందల మీటర్ల దూరంలో ఊరికి నీళ్ళు తోడే పంపు బావి ఉంది. నదిలో గుండ్రంగా లేపిన గోడ, పక్కన ఎక్కడానికి ఇనుప మెట్లు. పంపు ఆగకుండా కొట్టుకుంటోంది. నది మీద మిగిలిన చప్పుడు అదొక్కటే.

ఆ బావి అడుగున నీటిని లోపలికి లాగే కిటికీలు ఉంటాయి. వాటి కొలతలు కూడా నాకు తెలుసు. ఆవిడతో చెప్పలేదు.

కార్యదర్శి ముఖం పాలిపోయింది. అయినా తేరుకున్నాడు, ఆ మాట చెప్పాలి. మైకు వెనక్కి తెమ్మని మనిషిని పరుగెత్తించి, తాను పడవ దగ్గరికి దూకుడుగా దిగాడు. పడవ ఒక్కటే ఉంది. కిందిరేవుకు వెళ్ళినది తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో ఎవరికీ తెలియదు.

"దిగువకి పోనీ," అన్నాడు పడవవాడితో. "వాలు కిందికే లాగుతుంది."

"లాగదండి," అన్నాను. "ఆనకట్ట తలుపులు దించి ఉన్నాయి. నీరు చెరువులా నిలబడి ఉంది. ఈ వాలుకు పిల్ల కాదు కదా, పుల్ల కూడా అరగంటలో వంద గజాలు పోదు."

"ఎగువకి ఎందుకు పోతుందండి? ఏటికి ఎదురెవరు ఈదుతారు?"

"అది ఎడమకి పోతుందండి," అంది తల్లి. "అలిసిపోతే ఎడమకే పోతుంది. ఇన్నాళ్ళూ అదే మొత్తుకున్నాను."

అతను ఒక్క క్షణం నన్ను చూశాడు, ఆవిడను చూశాడు. ముందుకు చూస్తే తెల్లటి గోడలా మంచు. తప్పు వైపు పంపితే ఆ పడవను వెనక్కి పిలుద్దామన్నా అది కంటికి కనబడదు. పడవవాడు బీడీ నీళ్ళలో పడేశాడు.

"ఆయ్, ఎటండి మరి?"

"ఎగువకి," అన్నాడు కార్యదర్శి. "పంపు బావి దగ్గరికి."

పడవ రెండు తెడ్డు వేట్లలోనే కనబడకుండా పోయింది. జనరేటరు మళ్ళీ మొదలయ్యేసరికి మరో మూడు నిమిషాలు పట్టింది. తాడు రెండుసార్లు లాగినా అంటుకోలేదు. మైకు చేతికి రాగానే కార్యదర్శి పిల్ల పేరు అడిగాడు. ఆవిడ పేరు చెప్పలేదు. మైకు తానే తీసుకుంది.

నాలుగు నెలలుగా రోజూ చెప్పిన మాటే చెప్పింది. అదే గొంతు, అదే విసుగు.

"ఎడమకి పోతున్నావు. కుడికి రా. కుడికి. అమ్మ ఇటుంది. కుడికి."

కాసేపు ఆపేది. అందరమూ వినేవాళ్ళము. జనరేటరు మోత తప్ప ఏమీ ఉండేది కాదు. మళ్ళీ మొదలుపెట్టేది. "కుడికి. నేను చెప్పేది నీక్కాదా. కుడికి రా." నోటికి ఆనించి పట్టుకోవడం వల్ల మైకు పళ్ళకు తగిలి టకటకమనేది. మా కోడలు ఆవిడ పక్కన నిలబడి ఉంది, తాకకుండా, ఒక అడుగు దూరంలో. మా మనవరాలు తిండి మానేసి వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఆ అమ్మాయి దాని స్నేహితురాలు. "తాతా, నీళ్ళు ఎంత లోతు?" అని అడిగింది. నాకు తెలిసిన అంకె ఉంది. దానితో కూడా చెప్పలేదు.

మైకు మొదలైన పదకొండో నిమిషంలో పడవవాడి కేక వినబడింది. మాట తెలియలేదు. కేక ఆనందమో భయమో తెలియలేదు. ఆవిడ మాట్లాడడం ఆపలేదు. కార్యదర్శి మైకు తీసుకోబోతే మోచేత్తో నెట్టేసింది. "కుడికి" అన్న మాట ఇంకా ఎన్నిసార్లు అందో నేను లెక్కపెట్టలేదు.

తర్వాత చేతుల చప్పుడు. నీటి మీద అరచేయి పడే చప్పుడు, ఒకటి, మళ్ళీ చాలా ఆలస్యంగా ఇంకొకటి. ముందు పడవ ముక్కు కనబడింది. దాని పక్కన, తెడ్డు అందేంత దూరంలో, పసుపు టోపీ కనబడింది. పిల్ల ఈదుతోంది. పడవవాడు వంగి చేయి చాచి ఉంచాడు. ఆ చేయి అందుకోవడం లేదు.

"ఎక్కమ్మా అంటే ఎక్కదండి," అన్నాడు పడవవాడు దూరం నుంచే. "ముట్టుకుంటే అవుటంట."

ఆ పిల్ల మెట్టు పట్టుకున్నప్పుడు నా గడియారంలో ఒక గంట ఆరు నిమిషాలు. రాసుకున్నాను. రాస్తున్నప్పుడు నా అక్షరం వంకర పోయింది. తల్లి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి చీరతోనే దిగి, పిల్లను పైకి లాగి, తువ్వాలులో చుట్టింది. ముద్దుపెట్టుకోలేదు, ఏడవలేదు. పిల్ల గోళ్ళు చూసింది, పెదవులు చూసింది, చెవిలో నీళ్ళున్నాయేమోనని తల ఒక పక్కకు వంచింది.

"ఎక్కడున్నావే ఇంతసేపూ?"

పిల్లకు దవడలు కొట్టుకుంటున్నాయి. మైకు ఆగిపోయిందని, తర్వాత ఒక మోటారు చప్పుడు వినబడిందని, రేవు అదే అనుకొని అటు ఈదానని, దగ్గరికెళితే గోడ తగిలిందని చెప్పింది. అరిచిందట. పంపు చప్పుడులో దాని అరుపు దానికే వినబడలేదట.

"మరి పట్టుకున్నావా దేన్నైనా?" అడిగాడు కార్యదర్శి. అడగాలని అడిగినట్లు లేదు. నోటికి అలవాటైన ప్రశ్న వచ్చేసింది.

"ఇనుప మెట్టు పట్టుకున్నానండి. అమ్మ మైకులో తిట్టేదాకా."

గట్టు మీద ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో మా కోడలికి ఏడుపు వచ్చింది. మెట్ల మీద కూర్చుని మొహం మోకాళ్ళలో పెట్టుకుంది. ఎదురింటి ఆవిడ పిల్ల తల తుడుస్తూ తుడుస్తూ ఆ వైపు చూసింది.

"లే వదినా. టిఫిను చల్లారిపోతుంది. ఇదింకా ఏమీ తినలేదు, ఆ డబ్బా ఇలా అందుకో."

మా కోడలు లేచి డబ్బా తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆ తర్వాత కొన్ని వారాల పాటు మా వీధిలో వారి మాటలు అవసరమైనంతవరకే సాగాయి. వరస వంతు మాత్రం ఆ రోజుతో రద్దయింది. ఏ పిల్ల వరసలో ఆ పిల్లే నిలబడాలని అయిదుగురూ అనుకున్నారు. బ్యాంకు ఆఫీసరు గేటు దగ్గర ఆ సంచుల మాట మళ్ళీ ఎత్తాడు. ఆ ఆదివారం ఉదయం ఆయన ఎక్కడున్నాడని అడిగాను. నిద్రపోతున్నానన్నాడు. సరేనన్నాను.

అయితే ఆ తల్లులు ఒక్క రోజులో మారిపోయారని రాస్తే అది అబద్ధం. పిల్ల ఇంకా వణుకుతుండగానే, ఇడ్లీ రెండో ముక్క నోట్లో పెడుతూ ఎదురింటి ఆవిడ కార్యదర్శిని పిలిచింది.

"సర్టిఫికెట్టు ఇస్తారా అండి?"

"పట్టుకుంది కదమ్మా."

"గెలిచినట్టు వద్దండి. పాల్గొన్నట్టు. బడిలో అడుగుతారు."

అతను తలూపి, వేదిక మీదికి వెళ్ళి తానే రాసి తెచ్చాడు. ఆవిడ పిల్ల పేరులో అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో రెండుసార్లు చదివి, తడవకుండా సంచి అడుగున పెట్టుకుంది. మైకు దగ్గర మోచేత్తో తోసినందుకు క్షమించమని కూడా అతనితో అంది. ముఖ్య అతిథి ఉపన్యాసం క్లుప్తంగా ముగించాడు. తొమ్మిదిన్నరకు మంచు పూర్తిగా విచ్చింది. పంపు బావి, దాని ఇనుప మెట్లు, అవతల ఇసుక మేట, అన్నీ ఎండలో స్పష్టంగా కనిపించాయి. మేట నుంచి రేవుకు దూరం చూస్తే అంత ఎక్కువేమీ అనిపించలేదు.

బయలుదేరే ముందు కార్యదర్శీ నేనూ బోర్డును పక్కన పెట్టి, పిల్లలందరినీ మెట్ల మీద బారుగా కూర్చోబెట్టి, విడివిడిగా ఇద్దరమూ తలలు లెక్కపెట్టాము. ఇద్దరికీ ఒకే అంకె వచ్చింది. ఇసుక మేట దగ్గర నీళ్ళలోకి దిగినవారు ముప్పై ఏడుగురు. నియమం ప్రకారం పోటీ పూర్తిచేసినవారు ముప్పై ఆరుగురు. నీళ్ళలో నుంచి బయటికి వచ్చినవారు ముప్పై ఏడుగురు.